బూడిద రంగు కింద నీలం

మా ఇంట్లో చదువు సమానంగా పంచలేదు. నాకు రావలసిన వాటా కూడా మా మేనమామ కూతురే తీసేసుకుంది. ఎనిమిదో తరగతి మధ్యలో నేనూ బడీ ఒకరికొకరం నమస్కారం పెట్టుకుని విడిపోయాం. ఆవిడ మాత్రం ఇంజనీరింగూ, దాని మీద ఇంకోటీ చదివి, రెడ్‌మండ్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరింది. ఏ గ్రహం అడ్డొచ్చిందో, నన్ను పెళ్ళి చేసుకుంది. తన కూతురు తప్పిన పరీక్ష అదొక్కటే అని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. అలా ఆవిడ వీసాకి తోకగా నేనూ అమెరికా వచ్చాను.

వచ్చిన కొత్తలో నాకు పని చేసే కార్డు లేదు. పగలంతా అపార్ట్‌మెంట్‌లో ఒక్కణ్ణే. అక్కడ నేల కూడా చెక్క కాదు, చెక్క బొమ్మ అచ్చేసిన ఏదో అట్ట. తాళ్ళరేవులో పడవలు కట్టే చోట, మా నాన్న పక్కన కూర్చుని కొయ్య చెక్కే బాడిస పట్టడం నేర్చుకున్నవాణ్ణి నేను. ముట్టుకోవడానికి మంచి కొయ్యముక్క ఒక్కటి లేక చేతులు దురద పెట్టేవి. రెండు బస్సులు మారితే ఒక పడవల రేవు వస్తుందని తెలిసి, ఒకరోజు వెళ్ళాను. అన్నీ తెల్లటి ప్లాస్టిక్ పడవలే, బాత్‌టబ్‌లకి తెరచాపలు కట్టినట్టు. చివరి వరసలో మాత్రం ఒక చెక్క పడవ. దాని మీద ఎనభై దాటిన ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళు కారకుండా పలకల సందుల్లో నూలు దట్టిస్తున్నాడు. తప్పుగా దట్టిస్తున్నాడు.

నాకప్పటికి పది ఇంగ్లీషు మాటలు వచ్చు. అందులో ఒక్కటీ దీనికి పనికొచ్చేది కాదు. అందుకని వెళ్ళి ఆయన చేతిలో సుత్తి తీసేసుకున్నాను. ఆయన పోలీసుల్ని పిలవలేదు. కాసేపు చూసి, లోపలికెళ్ళి టీ పెట్టాడు.

ఆయన కాపురం ఆ పడవలోనే. భార్య పోయింది, పిల్లలు లేరు. పడవని రేవు దాటించగా నేనెప్పుడూ చూడలేదు కాబట్టి 'కెప్టెన్' అని పిలిచేవాణ్ణి. వెక్కిరింపని తెలిసి కూడా మురిసిపోయేవాడు. వారానికి మూడు రోజులు, నాలుగేళ్ళు, ఆ పడవ మీద పని చేశాను. కార్డు లేదు కనుక జీతం తీసుకోకూడదు. టీ తాగొచ్చు, కబుర్లు చెప్పుకోవచ్చు. నా ఇంగ్లీషంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. అందుకే నేను నోరు విప్పితే ఎనభై ఏళ్ళ తెల్లాయన మాట్లాడినట్టు ఉంటుందని మావాళ్ళు నవ్వుతారు. ఆయన మాటల్ని ఇక్కడ నా తెలుగులోనే రాస్తున్నాను.

ఆయన కబుర్లలో నాకు ప్రాణమైంది యుద్ధం కథ. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో అమెరికా నేవీకి ఓడలు చాల్లేదట. తీరానికి కూతవేటు దూరంలో శత్రువుల సబ్‌మెరీన్లు తిరుగుతున్నాయి. కాపలాకి ఏవో ఒకటి కావాలి. అప్పుడు డబ్బున్నవాళ్ళ షికారు పడవల మీద పడ్డారు. ఆదివారాలు కుటుంబాలతో తిరగడానికి కట్టించుకున్న తెల్లటి తెరచాప పడవల్ని తీసుకుని, బూడిద రంగు పూసి, ముందు వైపు నంబరు వేసి, ఒక రేడియో, ఒక తుపాకీ బిగించి సముద్రం మీదకి తోలారు. తెరచాప పడవకి చప్పుడుండదు. నీళ్ళ కింద ఉన్నవాడికి మనం వినపడం, వాడు మనకి వినపడతాడు. కెప్టెన్ 'మనం' అనేవాడు. వీసా మీద ఉన్న సంగతి మర్చిపోయి నేనూ 'మనం' అనేవాణ్ణి.

"మరి అందులో ఎక్కిందెవరు?" అని ప్రతిసారీ అడిగేవాణ్ణి, తెలిసినా.

"నేవీ వద్దన్నవాళ్ళు. చూపు ఆననివాళ్ళు, వయసు మీరినవాళ్ళు, ఒక చెవి పని చెయ్యనివాళ్ళు, కాలేజీ వాళ్ళు గెంటేసినవాళ్ళు. మా నాన్న పళ్ళ డాక్టరు, అరికాళ్ళు చదునుగా ఉన్నాయని ఆయన్నీ వద్దన్నారు. చలికాలమంతా ఈ పడవ మీదే ఉన్నాడు. ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే."

నేను కొంచెం సర్దుకుని, ఇంకాస్త నిటారుగా కూర్చునేవాణ్ణి.

ఆ కథని ఒకసారి, తలా ఒక వంటకం తెచ్చుకుని ఇక్కడి మా తెలుగువాళ్ళు కలిసే పాట్‌లక్‌లో చెప్పాను. ప్రతి పాట్‌లక్‌లోనూ నా ఉద్యోగం నవ్వించడమే. వాళ్ళు లేఆఫ్‌లూ గ్రీన్ కార్డు ప్రయారిటీ డేట్‌లూ మాట్లాడుకుని మొహాలు వేలాడేసుకుంటే, అప్పుడు నన్ను పిలుస్తారు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. ప్లేట్లలో బిర్యానీ చల్లారిపోతున్నా విన్నారు. వరంగల్ నుంచి వచ్చిన ఒకాయన, డైరెక్టరో ఏదో, నా పక్కన కుర్చీ లాక్కుని, "అన్నా, గిది నిజంగ అయిందా? గా పడవ మీద నువ్వు పని చేస్తున్నవా? జెర మళ్ళ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఇంటికి వచ్చేటప్పుడు మా ఆవిడ కారు నడుపుతూ, "ఇవాళ నిన్ను అందరూ ఎంత సీరియస్‌గా విన్నారో చూశావా బావా?" అంది. చూశాను. చూడకుండా ఎలా ఉంటాను?

ఆ తర్వాత కొన్నాళ్ళకే రేవు కమిటీ నోటీసు అంటించింది. చివరి వరస ఖాళీ చెయ్యాలి. యుద్ధంలో పని చేసినట్టు రుజువున్న పాత పడవలకి మాత్రమే అక్కడ చోటిస్తారు, పేరు చెక్కిన ఇత్తడి పలక కూడా బిగిస్తారు. మిగతావి వచ్చే వేసవిలోపు వెళ్ళిపోవాలి. ఎక్కడికి? అంత పాత చెక్క పడవని ఇంకే రేవూ రానివ్వదు. చోటు పోతే కోసి పారేయడమే, దాంతోపాటే కెప్టెన్ ఇల్లూ పోతుంది. కాగితమేమైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు. ఫొటో కూడా లేదన్నాడు.

"కాగితం లేకపోతే రంగుంటుంది కదా కెప్టెన్!" అన్నాను, అప్పుడే పెద్ద శాస్త్రవేత్తనైపోయినట్టు. "ఎన్ని పూతలేసినా పాతవి లోపలే ఉంటాయి. నంబరు వేసింది ముందు కదా, అక్కడ గీకుదాం. బూడిద రంగు తగిలితే చాలు."

ఆయన కప్పులో మిగిలిన టీ నీళ్ళలో పారబోసి, "కుడి పక్కా, ఎడమ పక్కా?" అన్నాడు.

"కుడి. కానీ చెక్క తేలేదాకా గీకనండోయ్," అన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పాను.

పడవ ముందుకొనని మావాళ్ళు అణియం అంటారు. పడవని మొదటిసారి నీళ్ళలోకి దింపేటప్పుడు అణియానికి కుడి పక్క పై పలకకి పసుపు రాసి బొట్టు పెడతారు. మా నాన్న దగ్గర పద్ధతేంటంటే, ఎన్నిసార్లు రంగు మార్చినా ఆ జానెడు చోట చెక్క బయటపడేదాకా గీకకూడదు. అడుగున మొదటి పసుపు ఉంటుంది. అది పోతే పడవ బొట్టు చెరిపినట్టే. పై పూత తీసి, కింద గట్టిగా ఉన్న పూత దగ్గర ఆగిపోవాలి. ఈ పడవకి పసుపెవరూ పెట్టకపోయినా నా చెయ్యి ఆ అలవాటు మానదు. అది చెబుతూ, ఒకసారి నేను తెలియక గీకితే మా నాన్న స్క్రేపర్‌తో నా వీపు ఎలా గీకాడో కూడా నటించి చూపించాను. కెప్టెన్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఎంత మేరకి ఆ చోటు అని అడిగితే, పడవ మీద నా జాన పెట్టి చూపించాను కూడా.

అక్కడ చలికాలమే వానాకాలం, ఎండలొచ్చాక గీకుదాంలే అన్నాడు. ఈలోపు మేం ఇండియా వెళ్ళాం, మూడు వారాలకి. వీసా స్టాంపింగ్ దగ్గర నా కాగితాలు ఆగిపోయి హైదరాబాద్‌లో రెండు నెలలు ఇరుక్కున్నాను. తిరిగొచ్చేసరికి పడవ కొత్త తెలుపుతో మెరుస్తోంది. "నువ్వు లేవు, వానలు ఆగడం లేదు. కాపాడుకోవాలి కదా, ఒక పూత వేసేశాను" అన్నాడు. ఎనభై దాటిన చేతులతో అంతా ఒక్కడే వేశాడని నాకు జాలేసింది. క్షమాపణ కూడా చెప్పాను.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం గీకడం మొదలుపెట్టాం. తెలుపు లేచింది. దాని కింద బూడిద రంగు. ఇంకొంచెం పక్కకి జరిగితే, బూడిద మీద తెల్లటి అంకె అంచు. నేను కేక పెట్టాను. రేవులో బాతులు లేచిపోయాయి. కెప్టెన్ చేతిలో టోపీ పట్టుకుని నిలబడ్డాడు, కళ్ళు తడిగా. పొర కొంచెం మెత్తగా ఉందని నా చెయ్యి నాకు చెప్పింది. ఆ చేతి మాట నేను వినలేదు. మా నాన్న పద్ధతి ప్రకారం అక్కడే ఆగిపోయాను.

కమిటీ ముందు నేనే సాక్షిని. మెళ్ళో గొలుసుతో కళ్ళజోడు వేలాడేసుకున్న పెద్దావిడ అధ్యక్షురాలు. ఫొటోలు చూసి, నావైపు తిరిగి అడిగింది:

"గీకింది మీరేనా?"

"ఈ చేతులే అండీ. వీటికి సర్టిఫికెట్లు లేవు, కాయలున్నాయి," అని అరచేతులు చూపించాను. నవ్వారు.

"మీకంటే ముందు ఆ చోటు ఎవరైనా ముట్టారా?"

"ఎవ్వరూ ముట్టలేదు" అన్నాను. రెండు నెలలు నేను లేనన్నది నాకు గుర్తే రాలేదు. కాగితం మీద సంతకం పెట్టాను. చప్పట్లు కొట్టారు. నా కోసం ఒక గదినిండా మనుషులు చప్పట్లు కొట్టడం, నేను జోకు వెయ్యకుండా, అదే మొదటిసారి.

ఇత్తడి పలక బిగించడానికి ఇంక వారం ఉందనగా, పక్కవాళ్ళ చిన్న పడవ వచ్చి మాదానికి రాసుకుంది. సరిగ్గా ఆ చోటే. పొద్దున్నే సాండ్‌పేపరు తీసుకుని సరిచేద్దామని వెళ్ళాను. గోరంత పెచ్చు లేచింది. ఉల్లిపాయ కోసినట్టు పొరలు కనిపిస్తున్నాయి. పైన బూడిద. దాని కింద తెలుపు. దాని కింద నీలం.

నీలం ఎప్పటిదో నాకు తెలుసు. కెప్టెన్ ఎన్నోసార్లు చెప్పాడు. పెళ్ళయిన ఏడాది పడవంతా నీలం వేశాడు, భార్యకి నీలం ఇష్టమని. ఆవిడ పోయాక చూడలేక మళ్ళీ తెలుపు వేశాడు. ఏ పూత ముందు, ఏ పూత వెనక అన్నది చెప్పడానికి ఎనిమిదో తరగతి కూడా అక్కర్లేదు. కిందది పాతది, పైది కొత్తది. యుద్ధం నాటి బూడిద ఆ నీలానికి కిందే ఉండాలి.

ఆయన లోపల టీ పెడుతున్నాడు. మెట్ల దగ్గర నిలబడి అడిగాను: "కెప్టెన్, మీ పెళ్ళి యుద్ధానికి ముందా, తర్వాతా?"

చెంచా తిప్పడం ఆపేశాడు. కాదనలేదు. అందుకు మాత్రం ఆయన్ని ఇప్పటికీ మెచ్చుకుంటాను. బల్ల కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీసి, అందులోంచి ఒక మడత కాగితం నా ముందు పెట్టాడు. నేను ఇంగ్లీషు ఆయన చెప్పగా నేర్చుకున్నవాణ్ణే గానీ చదవడంలో నత్తని. కూడబలుక్కుని చదివాను. నేవీ వాళ్ళు ఆయన నాన్నకి రాసిన ఉత్తరం. పడవని పరీక్ష చేశామని, అడుగు దూలం పుచ్చిపోయిందని, కాపలా పనికి తీసుకోలేమని.

"నేవీ వద్దన్నవాళ్ళకి కూడా ఇది వద్దయింది" అన్నాడు ఆయన. "నాన్న బతికున్నంతకాలం మాకు వెళ్ళొచ్చాననే చెప్పాడు. ఆయన పోయాక డబ్బాలో ఇది దొరికింది. నమ్మలేక, ఎడమ పక్కంతా చెక్క తేలేదాకా గీకాను. ఎక్కడా బూడిద రంగు లేదు."

"అంటే నాకు కథ చెప్పిన మొదటిరోజుకే మీకు తెలుసు."

"కథ నిజమే. పడవలు వెళ్ళాయి. ఇది వెళ్ళలేదు, అంతే."

"నేను చూపించిన జానెడు చోటే వేశారు కదండీ. కొలిచి మరీ వేశారా?"

ఆయన తల దించుకున్నాడు. "నువ్వు అక్కడ ఆగుతావని తెలుసు."

అప్పుడు అడిగాను, ఇప్పటికీ నన్ను తొలిచే మాట:

"నాకు చెప్పి చెయ్యొచ్చుగా కెప్టెన్? ఇంతకంటే బాగా వేసేవాణ్ణి. నీలం కూడా తీసేసి వేసేవాణ్ణి."

"చెబితే నువ్వు కమిటీలో అలా మాట్లాడలేవు. నీ మొహానికి ఏదీ దాచుకోవడం రాదు. కాయలు కాచిన చేతులు, మంచి మొహం. నువ్వు చెబితే ఎవరైనా నమ్ముతారు."

"అంటే నాలుగేళ్ళు టీ పోసింది ఈ మొహానికా?"

"కాదు" అన్నాడు.

ఈ మనిషి నన్ను తెలివితక్కువవాడు అనుకుని వాడుకుని ఉంటే నేను నవ్వేసి ఊరుకునేవాణ్ణి. అలా అనుకున్నవాళ్ళు చాలామంది. కానీ ఆయన దాచింది, తన పడవ ఒక పరీక్షలో తప్పిందని. దాన్ని నా దగ్గర దాచాడు. తప్పడం గురించి అమెరికా మొత్తం మీద ఆయనకి తెలిసినవాళ్ళలో నాకంటే అనుభవజ్ఞుడు ఎవరు? ఆ ఉత్తరం మొదటిరోజే చూపించి ఉంటే, పుచ్చిన దూలంతో సహా ఆ పడవని నెత్తిన పెట్టుకునేవాణ్ణి. కప్పు కింద పెట్టేసి వచ్చేశాను. అప్పటికింకా టీ తాగలేదు.

మా ఆవిడ లంచ్‌కి ఇంటికొచ్చి నా మొహం చూసింది. చెప్పాను. ఆవిడ మొహం తెల్లబోయింది.

"సైన్ చేశావా బావా? రిటన్ స్టేట్‌మెంట్ మీద?"

"చేశాను."

"రేపు గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూలో ఎవడన్నా ఇది తీస్తే? ఫాల్స్ స్టేట్‌మెంట్ అంటారు. ఇప్పుడే వెళ్ళి కరెక్ట్ చేసిరా. నేను డ్రైవ్ చేస్తా, పద."

"ఆయన ఎక్కడుంటాడే?"

ఆవిడ కారు తాళాలు చేతిలోకి తీసుకుంది. "ఆయన నీ గురించి ఇలా ఆలోచించాడా?" అంది. అరవలేదు. మెల్లగానే అంది.

నేను వెళ్ళింది గ్రీన్ కార్డు భయంతోనా, ఇచ్చిన మాట తప్పుడు మాటయిందనా, లేక ఆయన మీద కసితోనా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మూడూ కలిసే ఉన్నాయి. ఏది ఎంతో విడదీయలేను. పెద్దావిడకి నీలం పొర చూపించి, రెండు నెలలు నేను లేనని చెప్పి, పాత సంతకం కింద ఇంకో సంతకం పెట్టాను. ఆవిడ నిజం చెప్పినందుకు థాంక్స్ అంది. ఈసారి చప్పట్లు లేవు, మంచిదే. నెలాఖరుకి పడవ వెళ్ళిపోవాలన్నారు.

చివరి రోజు నేను వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ ముందు తాడు కట్టే కొక్కెం బిగుసుకుపోయి ఉంటుంది, దాన్ని ఏ వైపు కొడితే వదులుతుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. వెళ్ళాను. లాక్కెళ్ళే ఇంజను పడవ అప్పటికే తాడు తగిలించుకుని ఉంది. నదిలో ఎగువన పాత చెక్క కోసే యార్డు ఒకటుంది, అక్కడికి. కెప్టెన్ దూరపు చుట్టం ఇంట్లో గది చూసుకున్నాడట. చుక్కాని దగ్గర, పడవని తనే నడిపిస్తున్నట్టు నిలబడ్డాడు. తలమీద టోపీ. నేను ఆయన్ని కెప్టెన్ అని పిలిచిన నాలుగేళ్ళలో, ఆ పడవ కదలడం నేను చూడటం అదే మొదటిసారి.

కొక్కేన్ని కింది నుంచి ఒక్క దెబ్బ కొట్టాను. తాడు వదులైంది.

"నువ్వు ఊరుకుని ఉండొచ్చు" అన్నాడు, పైనుంచి.

"మీరు అడిగి ఉండొచ్చు" అన్నాను.

తాడు ఆయన వైపు విసిరాను. పట్టుకోలేకపోయాడు, నీళ్ళలో పడింది. ఇంజను పడవవాడు తొందరపెడుతున్నాడు. తాడుని అలాగే ఈడ్చుకుంటూ వెళ్ళిపోయారు. కుడి పక్క అణియం మీద నేను గీకిన జానెడు బూడిద రంగు చాలా దూరం కనిపించింది. ఆ తర్వాత ఆయన ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఇప్పుడు నాకు కార్డు వచ్చింది, ఒక ప్లాస్టిక్ పడవల యార్డులో జీతానికి పని చేస్తున్నాను. అక్కడెవరూ టీ పెట్టరు. మిషన్‌లో కాఫీ.

మొన్న మళ్ళీ పాట్‌లక్ జరిగింది. ఆ వరంగల్ ఆయన కొత్తవాళ్ళని నలుగురిని పోగేసి నా దగ్గరికి తెచ్చాడు. "అన్నా, వీళ్ళు విన్లే. గా యుద్ధం పడవ ముచ్చట చెప్పు."

చెప్పాను, ఈసారి మొత్తం. నేవీ వద్దన్నవాళ్ళు ఎక్కే పడవల్లో కూడా చోటు దొరకని పడవ గురించి, బిస్కెట్ల డబ్బాలో ఉత్తరం గురించి, రంగు గురించి, నా జాన గురించి. పరీక్షలో తప్పింది మనిషి కాదు, పడవ అనగానే ఒకడు పగలబడి నవ్వాడు. వాడిని చూసి మిగతావాళ్ళు. "నీలం! అబ్బబ్బ, లాస్ట్‌ల నీలం పెట్టినవ్ చూడు, ఏం కథ అల్లినవ్ అన్నా!" అని వరంగల్ ఆయన నా వీపు చరిచాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు. జరగనిది చెప్పినప్పుడు చెంచా కింద పెట్టి విన్నవాడే.

అల్లలేదని చెబుదామని నోరు తెరిచాను. నా మొహం చూసి వాళ్ళు ఇంకా నవ్వారు.

మా ఆవిడ ఒక్కతే నవ్వలేదు. లేచి వచ్చి నా చేతిలో ప్లేటు తీసుకుని, మైక్రోవేవ్ వైపు వెళ్ళింది. "చల్లారిపోయింది బావా, వేడి చేసి తెస్తాను. కూర్చో" అంది.